వినిపించే యంత్రం, వినే ఉపాధ్యాయుడు

ఫజ్ర్ నమాజు ముగిసిన తరువాత మన ఊళ్ళ మస్జిదుల్లో నిత్యం కనిపించే దృశ్యం ఒకటుంది. రెహల్ పీటల ముందు పిల్లలు వరుసగా కూర్చుంటారు. ఒక్కొక్కరే ఉస్తాద్ ఎదుటికి వచ్చి ఆ రోజు సబఖ్ వినిపిస్తారు. తెలుగు వాతావరణంలో పెరిగిన పిల్లవాడి నాలుకకు అరబీ అక్షరాలు కొన్ని తొందరగా లొంగవు. గొంతు దగ్గర నుంచి బరువుగా రావలసిన 'ఖాఫ్' తేలికపాటి 'కాఫ్'గా జారిపోతుంది. ఖల్బ్ అంటే హృదయం. కల్బ్ అంటే కుక్క. ఒక్క అక్షరం జారితే అర్థం ఎంత దూరం పోతుందో! ఉస్తాద్ చేయి ఎత్తుతారు. పిల్లవాడు ఆగుతాడు. ఆయన పలికి చూపుతారు, వాడు మళ్ళీ పలుకుతాడు. సరిగా వచ్చేదాకా ఇద్దరూ ముందుకు కదలరు.

అదే పిల్లవాడు ఇంటికి వెళ్ళి అమ్మీ ఫోనులో గొప్ప ఖారీల పారాయణం వింటాడు. అది మంచి సౌకర్యమే. ఒకప్పుడు ఎంతో దూరం ప్రయాణిస్తే తప్ప వినే భాగ్యం లేని గళాలు ఇప్పుడు వంటగదిలోకి వచ్చాయి. ఫోను విసుగు లేకుండా వెయ్యిసార్లయినా వినిపిస్తుంది. పిల్లల పారాయణాన్ని విని, వదిలేసిన పదాన్ని గుర్తుపట్టి చూపే ఆప్‌లు కూడా ఇటీవల వచ్చాయి. పదం తప్పిందని అవి చెప్పగలవు. కాని పిల్లవాడు ఎందుకు తడబడ్డాడో, నిద్ర చాలకనో, భయం వల్లనో, నిన్నటి పాఠం గట్టిపడకనో, ఎదుట కూర్చుని వాడి ముఖం చూస్తున్న మనిషికే తెలుస్తుంది.

బడుల్లోకి డిజిటల్ తెరలు, టాబ్‌లు, కృత్రిమ మేధ ఒకదాని వెనుక ఒకటి వస్తున్న కాలమిది. వాటిని చూసి పరవశించేవారు ఉన్నారు, భయపడేవారూ ఉన్నారు. ఈ రెండింటికన్నా మనకు ఉపయోగపడే ప్రశ్న మస్జిదులోని ఆ దృశ్యంలోనే ఉంది. పాఠాన్ని వినిపించే ఏర్పాటు ఎంతైనా పెరగవచ్చు. కాని పిల్లవాడు నేర్చినదాన్ని వినేవారు ఎవరు?

కాగితం వచ్చినా గురువు మిగిలాడు

చదువులోకి కొత్త సాధనం రావడం మన చరిత్రకు కొత్త కాదు. 8వ శతాబ్దం చివరినాటికి బాగ్దాద్‌లో కాగితం తయారీ మొదలైంది. తోలుపత్రాలతో పోలిస్తే కాగితం చౌక. గ్రంథాలకు నకళ్ళు రాసి అమ్మే వర్రాఖ్‌ల అంగళ్ళు వెలిశాయి. పండితుల ఇళ్ళకే పరిమితమైన పుస్తకం బజారులో దొరికే వస్తువైంది. నేటి ఇంటర్నెట్ తెచ్చిన మార్పుకు అది తీసిపోదు.

అయినా ఆనాటి విద్వాంసులు ఒక నియమాన్ని వదలలేదు. గ్రంథం చేతిలో ఉన్నంత మాత్రాన విద్య వచ్చినట్టు కాదు. విద్యార్థి దాన్ని గురువు ఎదుట చదివి వినిపించాలి, తప్పులు దిద్దించుకోవాలి, ఆ తరువాతే దాన్ని ఇతరులకు బోధించే ఇజాజత్ పొందాలి. 'ఎక్కడ చదివావు?' అన్నదానికన్నా 'ఎవరి దగ్గర చదివావు?' అన్న ప్రశ్నకే విలువ ఎక్కువ. వారు కాగితాన్ని కాదనలేదు. దాన్ని పూర్తిగా వాడుకున్నారు. అయితే గురువు చేయవలసిన పనిని కాగితానికి అప్పగించలేదు.

ఉపగ్రహం నుంచి దిగిన తెలుగు పాఠం

మన బడుల్లో తెర మీద పాఠం నిన్న మొన్నటిదని చాలామంది అనుకుంటారు. నిజానికి దాని వయస్సు అర్ధ శతాబ్దం. 1975 ఆగస్టు 1న 'సైట్' అనే ఉపగ్రహ బోధనా ప్రయోగం మన దేశంలో ఆరంభమైంది. అమెరికా అంతరిక్ష సంస్థ తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక ఏడాది పాటు మనకు అప్పుగా ఇచ్చింది. ఇస్రో ఆ ప్రయోగాన్ని నడిపింది. 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాల్లో ఇనుప జాలీతో చేసిన గొడుగులాంటి యాంటెన్నాలు, టీవీలు అమర్చారు. ఆ ఆరు రాష్ట్రాల్లో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం పూట బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు తెలుగులోనే ప్రసారమయ్యాయి. కరెంటు సరిగా లేని పల్లెల్లో పిల్లలు నేల మీద కూర్చుని ఉపగ్రహ పాఠం చూశారు.

1976 జూలై 31న ఆ ప్రయోగం ముగిసింది. ఉపగ్రహం దాని యజమానుల పనికి వెళ్ళిపోయింది. అయితే ఆ ఏడాదిలో జరిగిన మరొక పనిని గుర్తు పెట్టుకోవాలి. అదే ఏర్పాటు ద్వారా సుమారు 50,000 మంది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చారు. యంత్రం వెళ్ళిపోయింది. శిక్షణ పొందిన ఉపాధ్యాయులు తమ తరగతి గదుల్లోనే ఉన్నారు.

ఆ తరువాత ఉమ్మడి రాష్ట్రంలో 2001లో 'మన టీవీ' వచ్చింది. తెలంగాణలో అదే 2017 నుంచి 'టీ-శాట్' పేరుతో నిపుణ, విద్య అనే రెండు ఛానళ్ళుగా సాగుతోంది. 2017లోనే కేంద్ర ప్రభుత్వం 'దీక్షా' వేదికను ప్రారంభించింది. నేడు మన పిల్లల పాఠ్యపుస్తకాల పుటల్లో కనిపించే నలుచదరపు క్యూఆర్ కోడ్‌లు దానికి సంబంధించినవే. ఫోను కెమెరాను కోడ్ ముందు ఉంచితే ఆ పాఠానికి చెందిన వీడియోనో, అభ్యాసమో తెరుచుకుంటుంది. ఇందుకు రుసుము లేదు. అయినా ఆ కోడ్ ఎందుకుందో తెలియని ఇళ్ళు ఇంకా చాలానే ఉన్నాయి.

మూతబడిన బడులు నేర్పిన పాఠం

2020 మార్చిలో బడులు మూతబడ్డాయి. అంతవరకు అదనపు వసతిగా ఉన్న తెర ఒక్కసారిగా బడి స్థానాన్నే ఆక్రమించింది. తెలంగాణలో ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి 3వ తరగతి మొదలు 10వ తరగతి దాకా పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ఆ బాధ్యత తీసుకుంది.

ఆ నెలల జ్ఞాపకం ప్రతి ఇంట్లోనూ ఉంది. అబ్బా ఫోను పట్టుకుని పనికి వెళితే ఆ పూట పాఠం లేనట్టే. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఒకే సమయానికి ఇద్దరి తరగతులు వస్తే ఎవరో ఒకరు తప్పుకోవాలి. చాలా ఇళ్ళలో తప్పుకున్నది అమ్మాయే. పాఠాలు వచ్చాయి, వెళ్ళాయి. పిల్లవాడికి ఎంత అర్థమైందో అడిగే అవకాశం టీవీకి లేదు. వరుసలో చివర కూర్చునే బిడ్డ ముఖంలోని అయోమయాన్ని పసిగట్టి 'ఏమ్మా, అర్థం కాలేదా?' అనే ఉపాధ్యాయురాలి విలువ ఎంతటిదో తల్లిదండ్రులకు అప్పుడు తెలిసివచ్చింది.

తరగతి గదిలో కొత్త పలక

బడులు మళ్ళీ తెరుచుకున్నాయి గాని, తెరలు వెనక్కి వెళ్ళలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో 8వ తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా టాబ్‌లు పంపిణీ చేసింది. వేల తరగతి గదుల్లో నల్లబల్ల పక్కన స్పర్శతో పనిచేసే పెద్ద డిజిటల్ ఫలకాలు అమరాయి. ఒక పుటలో తెలుగు, ఎదురు పుటలో ఇంగ్లీషు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు రెండు రాష్ట్రాల్లోనూ వచ్చాయి.

ఈ సాధనాలు మంచి ఉపాధ్యాయుడి చేతిలో ఎంత మేలు చేస్తాయో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. చంద్రకళల పాఠాన్నే తీసుకోండి. నల్లబల్ల మీద గీసిన వృత్తాలు పిల్లలకు కంఠస్థమే గాని అర్థం కావు. డిజిటల్ ఫలకం మీద సూర్యుడు, భూమి, చంద్రుడు కదులుతూ కనిపిస్తారు. ఒక నెలవంక నుంచి మరో నెలవంకకు సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజులు ఎలా పడతాయో, అందుకే మన ఇస్లామీయ మాసం ఒకసారి 29 రోజులు, మరోసారి 30 రోజులు ఎందుకవుతుందో పిల్లలు కళ్ళతో చూస్తారు. అప్పుడు మన పిల్లవాడు చేయి ఎత్తి, 'సార్, సౌదీలో మనకంటే ఒక రోజు ముందే నెలవంక కనిపిస్తుందెందుకు?' అని అడుగుతాడు. తయారుచేసి ఉంచిన వీడియోలో ఆ జవాబు ఉండకపోవచ్చు. ఉపాధ్యాయుడు వీడియో ఆపుతారు. అక్కడ సూర్యుడు మనకంటే ఆలస్యంగా అస్తమిస్తాడనీ, ఆ రెండు మూడు గంటల్లో చంద్రుడు సూర్యుడి నుంచి మరికాస్త దూరం జరిగి కంటికి అందే అవకాశం పెరుగుతుందనీ బొమ్మ మీదే చూపి చెబుతారు. ఆ రోజు ఆ తరగతి మరచిపోలేని పాఠం నేర్చుకుంటుంది. ఫలకం లేకపోతే అంత స్పష్టంగా చూపలేకపోయేవారు. ఉపాధ్యాయుడు లేకపోతే వీడియో ఆగేదే కాదు.

ఫలించిన చోటు, ఫలించని చోటు

సాధనం పంచినంత మాత్రాన చదువు పెరగదని పెరూ దేశ అనుభవం చెబుతోంది. ప్రతి బిడ్డకూ ఒక లాప్‌టాప్ అనే ఆశయంతో ఆ దేశం గ్రామీణ బడుల్లో పెద్ద ఎత్తున లాప్‌టాప్‌లు పంచింది. 319 పాఠశాలల్లో జరిగిన అధ్యయన ఫలితాలు 2012లో వెలువడ్డాయి. కంప్యూటర్ల వాడకం బాగా పెరిగింది. గణితంలో గాని, భాషలో గాని పిల్లల మార్కులు పెరిగిన ఆధారం దొరకలేదు.

దీనికి భిన్నమైన ఫలితం మన ఢిల్లీలో వచ్చింది. ప్రభుత్వ బడుల్లో చదివే 619 మంది పిల్లలతో ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు చేసిన అధ్యయనం 2019లో ప్రచురితమైంది. ముందుగా వారు కనిపెట్టిన విషయమే గుండె కలుక్కుమనిపిస్తుంది. 6వ తరగతి పిల్లవాడు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనుకబడి ఉన్నాడు. అంటే వాడి చేతిలో 6వ తరగతి పుస్తకం ఉంది, వాడికి వచ్చింది 3వ, 4వ తరగతి లెక్కలు. పై తరగతులకు వెళ్ళేకొద్దీ ఆ అంతరం ఇంకా పెరుగుతోంది. ఈ పిల్లల్లో కొందరిని లాటరీ పద్ధతిలో ఎంచి, బడి వేళల తరువాత ఒక కేంద్రంలో చదివించారు. అక్కడి కంప్యూటర్ ముందు పిల్లవాడి స్థాయిని పరీక్షించి, వాడు నిజంగా ఉన్న మెట్టు నుంచే లెక్కలు ఇస్తుంది. తప్పు చేస్తే వెంటనే చెప్పి, అదే రకం మరో లెక్క ఇస్తుంది. సగం సమయం కంప్యూటర్ ముందు గడిస్తే, మిగిలిన సగం చిన్న బృందాలుగా ఒక బోధకుడి దగ్గర గడుస్తుంది. నాలుగున్నర నెలల్లో ఆ పిల్లలు గణితంలో సాధించిన ప్రగతి, ఆ అవకాశం రాని పిల్లల ప్రగతికి రెట్టింపును మించింది.

హిఫ్జ్ చేయించిన ఇళ్ళవారికి ఈ పద్ధతి పరిచితంగానే తోస్తుంది. హాఫిజ్ కాబోయే పిల్లవాడికి రోజూ మూడు పనులుంటాయి. సబఖ్ అంటే ఆ రోజు కొత్త పాఠం. సబఖీ అంటే ఈ మధ్య నేర్చిన పాఠాల పునశ్చరణ. మంజిల్ అంటే ఎప్పుడో నేర్చినదాన్ని మరవకుండా వంతుల ప్రకారం తిరిగి చదవడం. సబఖ్ ఎన్ని పంక్తులన్నది తరగతిని బట్టి కాక పిల్లవాడిని బట్టి నిర్ణయమవుతుంది. ఒకడికి ఐదు పంక్తులు, పక్కవాడికి ఒక పుట. తప్పు దొర్లిన చోటే దిద్దుబాటు. ఢిల్లీలోని కంప్యూటర్ చేసింది ఇదే. పిల్లవాడి స్థాయి నుంచి మొదలుపెట్టడం, వెంటనే దిద్దడం, మళ్ళీ మళ్ళీ చేయించడం. అరవై మంది ఉన్న గదిలో ఒక్క ఉపాధ్యాయుడు ప్రతి బిడ్డకూ ఇది చేయలేడు. ఆ మేరకు యంత్రం ఆయనకు చేదోడు.

ఇక కృత్రిమ మేధ మాట. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. ఆ తరువాతి సంవత్సరం తుర్కియే దేశంలోని ఒక ఉన్నత పాఠశాలలో సుమారు 1,000 మంది విద్యార్థులపై గణితంలో ఒక పరిశోధన జరిగింది. అడిగిందే తడవుగా జవాబు ఇచ్చే సాధనం దొరికిన పిల్లలు అభ్యాసంలో 48 శాతం మెరుగైన ఫలితం చూపారు. అందరూ సంతోషించదగ్గ అంకె! కాని సాధనం తీసేసి పరీక్ష పెడితే, అసలు దాన్ని ముట్టని పిల్లల కన్నా వీరికి 17 శాతం తక్కువ వచ్చింది. లెక్క చేసింది సాధనం, బిడ్డ కాదు. అదే పరిశోధనలో మరో బృందానికి జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చే సాధనాన్ని ఇచ్చారు. వారికి ఆ నష్టం చాలావరకు తప్పింది. కాబట్టి 'మా వాడు ఫోనులో చదువుకుంటున్నాడు' అన్న మాటతో తృప్తి పడకూడదు. ఫోను వాడికి దారి చూపుతోందా, వాడి బదులు నడుస్తోందా అన్నది చూడాలి.

ఇంట్లో ఫోను ఎవరి చేతిలో?

2025 జనవరిలో వెలువడిన 'అసర్' గ్రామీణ విద్యా నివేదికలో మన ఇళ్ళు అద్దంలో చూసుకున్నట్టు కనిపిస్తాయి. 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్లో దాదాపు 90 శాతం మంది ఇళ్ళలో స్మార్ట్‌ఫోను ఉంది. వాడటం తెలిసిన పిల్లల్లో, అంతకుముందు వారంలో చదువు కోసం వాడినవారు 57 శాతం. సామాజిక మాధ్యమాల కోసం వాడినవారు 76 శాతం. అదే నివేదిక ప్రకారం 3వ తరగతి పిల్లల్లో 2వ తరగతి వాచకాన్ని చదవగలిగినవారు 27 శాతం మాత్రమే. ఫోను దాదాపు ప్రతి ఇంటికీ చేరింది. చదవడం చాలామంది పిల్లలకు చేరలేదు.

మరొక అంకె ఆడపిల్లల తల్లిదండ్రులు చూడదగినది. ఫోను వాడటం తెలిసిన అబ్బాయిల్లో 36 శాతం మందికి సొంత ఫోనుంది. అమ్మాయిల్లో 27 శాతం మందికే ఉంది. ఆడబిడ్డ చేతికి సొంత ఫోను ఇవ్వడానికి తల్లిదండ్రులు సంకోచించడంలో ఆశ్చర్యం లేదు; ఆ జాగ్రత్త అబ్బాయి విషయంలోనూ అంతే అవసరం. అయితే ఆ సంకోచం ఆమె పాఠానికి అడ్డు కాకూడదు. సొంత ఫోను ఇవ్వకపోయినా, ఇంటి ఫోను మీద ఆమెకంటూ ఒక గంట నిర్ణయించవచ్చు. ఇంటర్ పరీక్షకు సిద్ధమవుతున్న అమ్మాయికి ఆ గంట ఒక ట్యూషన్‌తో సమానం. దూరపు ఊరి కోచింగ్‌కు పంపలేని ఇంట ఇది మరీ అవసరం. అన్న ఆట ముగిసిన తరువాత మిగిలిన సమయమో, చార్జింగ్ అయిపోవచ్చిన ఫోనో ఆమె వాటా కాకూడదు.

మన ఇళ్ళలో భాష సమస్య కూడా ఉంది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. ఉర్దూ మాధ్యమంలో చదివే పిల్లలకు దొరికే డిజిటల్ పాఠాలు ఇంగ్లీషుతో పోలిస్తే తక్కువే. ఇలాంటి పిల్లలకు ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ వినగలిగే తెలుగు వీడియో పెద్ద వరం. తరగతిలో 'సార్, ఇంకోసారి' అని అడగడానికి బిడియపడే బిడ్డ వీడియోను పదిసార్లు వెనక్కి జరపగలడు.

అదే తెర చెరుపు కూడా చేస్తుంది. యునెస్కో 2023 జూలైలో విడుదల చేసిన ప్రపంచ విద్యా నివేదిక ఈ విషయంలో హెచ్చరించింది. చదువుతున్న పిల్లల దృష్టి ఫోను వల్ల ఒకసారి చెదిరితే, తిరిగి పాఠం మీద కుదురుకోవడానికి 20 నిమిషాల దాకా పట్టవచ్చని అందులో ఉదహరించారు. అంటే గంటలో మూడు సందేశాలు వస్తే ఆ గంట పోయినట్టే. పాఠం వింటున్న ఫోనులోనే సందేశాల చప్పుడు ఆపివేయడం చిన్న పనే గాని, ఫలితం పెద్దది. చదువు ఆప్‌లు అడిగే వివరాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు పిల్లల సమాచారం తీసుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది. బిడ్డ ఫొటో, పుట్టిన తేదీ, ఫోను నంబరు ఎవరికి ఇస్తున్నామో చూడకుండా 'సరే' నొక్కకండి.

వినడానికి డిగ్రీ అక్కరలేదు

'మేం చదువుకోలేదు, పిల్లల ఇంగ్లీషు పాఠాలు మాకేం తెలుస్తాయి?' అని చాలామంది తల్లులు అంటారు. ఈ మాటే ఇంటిని చదువు నుంచి దూరం చేస్తోంది. అరబీ అర్థం తెలియని తల్లులు కూడా పిల్లల సబఖ్ విన్న ఇళ్ళు మన చుట్టూ ఎన్ని లేవు! ఖుర్ఆన్ తెరచి, వేలు పెట్టి, బిడ్డ ఎక్కడ ఆగాడో చూశారు. బడి పాఠానికీ అదే చేయవచ్చు.

ఇషా నమాజు తరువాత పది నిమిషాలు చాలు. ఫోను పక్కన పెట్టించండి. ఈ రోజు ఏం చూశావో, ఏం చదివావో ఇంటి భాషలో చెప్పమనండి. ఉర్దూలో చెప్పినా సరే, తెలుగులో చెప్పినా సరే. అర్థమైన బిడ్డ ఏ భాషలోనైనా చెప్పగలదు. అర్థం కాని బిడ్డ ఇంగ్లీషు వాక్యాన్ని అప్పజెప్పి ఆగిపోతుంది. ఆ ఆగిన చోటును పుస్తకంలో పెన్సిల్‌తో గుర్తు పెట్టించండి. మరునాడు ఉపాధ్యాయురాలిని అడగవలసిన ప్రశ్న అదే. చిన్న తరగతి బిడ్డ అయితే వాచకం తెరచి ఒక పేరా గట్టిగా చదివించండి. వారానికి ఒకసారి, నెల క్రితం పాఠం ఒకటి అడగండి. మన హిఫ్జ్ పిల్లల మంజిల్ లాంటిదే అదీ. తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళినప్పుడు బడిలో ఎన్ని తెరలున్నాయని కాక, ఆ తెర మీద చూసిన పాఠం పిల్లలకు వచ్చిందో లేదో ఎలా తెలుసుకుంటున్నారని అడగండి. జవాబు చెప్పగలిగిన బడి మంచి బడి.

ఈ పది నిమిషాలకు డేటా ప్యాక్ ఖర్చు లేదు, కరెంటు అవసరం లేదు. దాదీ కూడా వినవచ్చు. మధ్యలో ఆమె 'అదెందుకట్లా?' అని అమాయకంగా అడిగే ప్రశ్న ఒక్కోసారి పరీక్ష పత్రంలోని ప్రశ్న కన్నా కష్టంగా ఉంటుంది. దానికి జవాబు వెతకడానికి పిల్లలు మళ్ళీ ఫోను అడుగుతారు. అప్పుడు ఇవ్వండి. తాము వెతుకుతున్నదేమిటో తెలిసి చేతికి తీసుకున్న ఫోను చదువుకు పనికొస్తుంది.